నర్సుల శిక్షణలో చేతులకూ పని చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

నేను 22 ఏళ్లుగా వార్డుల్లో పనిచేస్తున్న నర్సును. లైసెన్సు రెన్యువల్ కావాలంటే ఇన్ని గంటల శిక్షణ పొంది ఉండాలన్న నియమం చాలా దేశాల్లో ఉంది. మంచిదే. నా గోడంతా ఆ గంటలు గడిచే తీరు గురించి. నైట్ డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా హాల్లోకి వెళ్తాం. వందమందిమి. ముందు స్లైడ్లు, వెనక కునుకుపాట్లు. చివర్లో సంతకం పెడితే గంటలు జమ అయినట్టే. ఓసారి నేను ముందు వరుసలోనే నిద్రపోయాను. ఆ రోజు టాపిక్: అలసట వల్ల మందులివ్వడంలో జరిగే పొరపాట్లు!

గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే సీపీఆర్ శిక్షణ ఒకటి మాత్రం మరిచిపోలేను. ముందు రాతపరీక్ష పెట్టారు. పెద్దవాళ్లకు ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలని అందరం తప్పులేకుండా రాశాం. తర్వాత బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. లోతు చూపించే మీటరున్న బొమ్మ అది. నేను నొక్కింది 4 సెంటీమీటర్లు కూడా దాటలేదు. నిమిషం తిరక్కుండానే చేతులు లాగేశాయి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలని ఎందుకంటారో ఆ రోజు నా భుజాలకు అర్థమైంది.

సీపీఆర్ సర్టిఫికెట్ సాధారణంగా రెండేళ్లు చెల్లుతుంది. ఆ నైపుణ్యం మాత్రం కొన్ని నెలల్లోనే సడలిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అలాంటప్పుడు రెండేళ్లకోసారి రోజంతా కూర్చోబెట్టే బదులు, మూడు నెలలకోసారి వార్డులోనే పది నిమిషాలు చేయిస్తే పోయేదేముంది? మా వార్డులో ఒకసారి మాక్ డ్రిల్ పెడితే, ఆక్సిజన్ సిలిండర్ తెరిచే స్పానర్ ఎవరికీ కనిపించలేదు. హాల్లో ఎన్ని స్లైడ్లు చూసినా ఆ సంగతి బయటపడేది కాదు.

బొమ్మ కూడా అక్కర్లేని పాఠాలున్నాయి. అర్ధరాత్రి డాక్టరుకు ఫోన్ చేసి రోగి పరిస్థితి చెప్పడానికి ఎస్‌బార్ అనే పద్ధతి ఉంది. ఇప్పుడు ఏం జరుగుతోంది, ముందు ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి: ఈ నాలుగూ ఇదే వరసలో చెప్పాలి. చదవడానికి రెండు నిమిషాలు చాలు. కానీ ఒక నర్సు నిద్రచెడిన డాక్టరులా విసుక్కుంటుంటే తడబడకుండా చెప్పి చూడండి. మేమంతా మూడోదాని దగ్గరే ఆగిపోయాం. 'నాకేమనిపిస్తోందంటే' అనడం మాకు ఎవరూ నేర్పలేదు మరి. ఈ అభ్యాసానికి డాక్టర్లూ వస్తే ఇంకా బాగుంటుంది.

ఇలా అందరూ పాల్గొని నేర్చుకునే 'ఇంటరాక్టివ్' శిక్షణ అనగానే ఫోన్లో క్విజ్ పెట్టి సరిపెట్టేవాళ్లనూ చూస్తున్నాను. జవాబు ఎందుకు తప్పో మాట్లాడుకోకపోతే అదీ స్లైడు లాంటిదే. డ్రిల్ అయ్యాక కూర్చుని ఎవరెక్కడ తడబడ్డారో చెప్పుకునే పావుగంటలోనే ఎక్కువ నేర్చుకుంటాం. అప్పుడు మార్కులు వేసే పెద్ద మేడం గదిలో ఉంటే ఎవరూ నోరు విప్పరు. తప్పు ఒప్పుకున్న అమ్మాయికి మర్నాడు మెమో వచ్చిందా, ఇక ఆ వార్డులో శిక్షణ పేరెత్తక్కర్లేదు.

ఇలా నేర్పాలంటే ఆరేడుగురి చొప్పున పిలవాలి. వాళ్లు వచ్చినంతసేపు వార్డులో బదులు మనుషులుండాలి. అసలు ఖర్చు అక్కడే. అందుకే శిక్షణను డ్యూటీ గంటల్లోనే లెక్కించి, ఆ పూటకు బదులు మనిషిని ఇవ్వాలని నర్సింగ్ కౌన్సిళ్లు ఆసుపత్రులకు నిబంధన పెట్టాలి. రెన్యువల్ ఫారంలో ఎన్ని గంటలు హాజరయ్యారన్న గడి పక్కనే, ఏం చేసి చూపించారో రాసే గడి ఒకటి చేర్చాలని మనవి.

ఇట్లు
ఒక సీనియర్ స్టాఫ్ నర్సు