పీఆర్వో కంటే ముందు మీరు రావాలి: ఇద్దరు కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన హనుమకొండ, వరంగల్ జిల్లాల కలెక్టర్ గార్లకు,

నమస్కారాలు.

ఈ లేఖ మీ ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. 2021లో మన జిల్లాల పేర్లు, హద్దులు మారాయి గానీ పిల్లల దారులు మారలేదు. పరకాల పిల్లవాడు హనుమకొండలో బస్సు దిగి చదువుకుంటాడు, ఎంజీఎం ఆసుపత్రిలో ఉన్న నాయనమ్మకు అన్నం క్యారియర్ తీసుకెళ్తాడు, సెలవు రోజున ఎనుమాముల మార్కెట్లో తండ్రి పక్కన మిర్చి బస్తాల మీద కూర్చుంటాడు. వాడికి రెండు జిల్లాలు లేవు.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో పౌరశాస్త్రం బోధించి 2024లో పదవీ విరమణ పొందాను. చాలా ఏళ్లు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసరుగా కూడా పనిచేశాను. నా అనుభవంలో నాకు ఖాయంగా తెలిసిన విషయం ఒకటే. మన పల్లెల్లో పిల్లలు చదువును ఎంచుకోవడం లేదు. పదో తరగతి ఫలితాలు వచ్చాక వాళ్ల గుమ్మంలోకి ఎవరు ముందు వస్తే, వాళ్లు చెప్పిందే ఆ పిల్లల చదువు అవుతోంది. ముందుగా వచ్చేది ఎప్పుడూ అడ్మిషన్ల కోసం ఇళ్లు తిరిగే ప్రైవేటు కళాశాల ప్రతినిధి, అంటే పీఆర్వో. ప్రభుత్వం రావడం లేదు.

2019 మే నెలలో నా కళ్ల ముందు జరిగింది చెబుతాను.

మా కళాశాలలో పిల్లలు తగ్గిపోతున్నారని మేము కూడా కరపత్రాలు పట్టుకొని ఊళ్లు తిరిగే రోజులవి. పరకాల దగ్గరి ఒక ఊరిలో, మంచి మార్కులు వచ్చాయని విన్న ఒక అమ్మాయి ఇంటికి వెళ్లాను. అప్పటికే ఒక పీఆర్వో నులకమంచం మీద కూర్చొని ఉన్నాడు. ఒడిలో రంగుల పుస్తకం, దాని నిండా ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు. అమ్మాయి తలుపు రెక్క పట్టుకొని నిలబడి ఉంది. తండ్రి అప్పుడే మార్కెట్ నుంచి వచ్చాడు. చొక్కా జేబులోంచి నోట్లు తీస్తుంటే వాటితో పాటు మిర్చి అమ్మిన తక్‌పట్టీ (అమ్మకం చీటీ) కూడా బయటికి వచ్చింది. దాన్ని జాగ్రత్తగా మడిచి మళ్లీ జేబులో పెట్టుకొని, ఐదు వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. పీఆర్వో రశీదు రాశాడు. ‘గ్రూపు’ అన్నచోట తనే ఎంపీసీ అని నింపాడు. ‘ఎంపీసీ తీసుకుంటే అన్ని దారులూ తెరిచే ఉంటాయి బాపూ’ అన్నాడు.

అప్పటిదాకా ఆ అమ్మాయిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. నేను అడిగాను. తల్లి వైపు ఒకసారి చూసి, ‘సార్, మా బర్రె ఈనలేక అవస్థ పడుతుంటే డాక్టరమ్మ వచ్చి దూడను తీసింది. ఆ చదువుకు ఏ గ్రూపు తీసుకోవాలి?’ అంది.

దానికి జవాబు తేలికే. బైపీసీ తీసుకోవాలి. పశువైద్య కళాశాల మన మామునూరులోనే ఉంది. అంత పోటీకి భయపడితే, పదో తరగతి తర్వాత నేరుగా చేరగలిగే పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. నేను ఈ మాటలన్నీ చెప్పాను. తండ్రి నా వైపు చూసి, చేతిలోని రశీదు వైపు చూసి, ‘పైసలు కట్టేశాం కదా సార్’ అన్నాడు. అక్కడితో అయిపోయింది. ఒక బిడ్డ ఇరవై ఏళ్ల భవిష్యత్తు ఐదు వేల రశీదు దగ్గర ఆగిపోయింది. నేను అరగంట ముందు వెళ్లి ఉంటే అనే బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ అమ్మాయి ఇంటర్ పూర్తిచేసి, ప్రభుత్వమే కళాశాలకు డబ్బు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద కంప్యూటర్ సైన్సులో చేరి, 2025లో బీటెక్ పాసైంది. ప్రభుత్వం నుంచి బకాయి రాలేదని, ఫీజు మొత్తం కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని ఆ కళాశాల ఆపేసింది. ఆమె ఇప్పుడు హనుమకొండలో ఒక ఫోన్ల దుకాణంలో బిల్లులు కొడుతోంది. చదువు మీద ఇష్టం లేక కాదు, తెలివి లేక కాదు.

ఆ పీఆర్వో మీద నాకు కోపం లేదు. తర్వాత బస్టాండులో కలిస్తే మాట్లాడాను. ఎమ్మెస్సీ, బీఎడ్ చదివాడు. ఇన్ని అడ్మిషన్లు తెస్తేనే జీతం అని యాజమాన్యం లెక్క పెట్టిందట. తన బతుకు ఎటు పోతుందో తెలియని యువకుడు ఇంకొకరి బిడ్డకు దారి చెబుతున్నాడు. షెడ్యూలు రాకముందు అడ్మిషన్లు చేయవద్దని ఇంటర్ బోర్డు ఏటా ప్రకటన ఇస్తుంది. ఆ ప్రకటన పత్రికలో వచ్చే నాటికి, సంక్రాంతి నుంచే ఊళ్లు తిరిగిన పీఆర్వోల పుస్తకాల్లో పేర్లు నిండిపోయి ఉంటాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను నేను తప్పుపట్టడం లేదు. 2008లో అది వచ్చాకే మా కూలీల పిల్లలు, గీత కార్మికుల పిల్లలు ఇంజనీరింగ్ కళాశాల గేటు దాటగలిగారు. వాళ్ల పెళ్లి పత్రికల మీద పేరు పక్కన బీటెక్ అని చూసి నేను ఎంతో సంతోషించాను. కానీ ఒక్క గేటు తెరిచి, మిగతా గేట్లు ఎక్కడున్నాయో చెప్పకపోతే అందరూ ఆ ఒక్కదాని ముందే తోసుకుంటారు.

మిగతా గేట్లు మనకు లేనివా? కాజీపేటలో డీజిల్, ఎలక్ట్రిక్ లోకో షెడ్లున్నాయి. ఐటీఐ చేసినవారిని రైల్వే అప్రెంటిస్‌గా తీసుకునేటప్పుడు పదో తరగతి, ఐటీఐ మార్కులే చూస్తుంది. 2023 జూలైలో అదే కాజీపేటలో రైల్వే తయారీ పరిశ్రమకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. గీసుగొండ, సంగెం మండలాల మధ్య కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో పునాది పడింది. ఈ పరిశ్రమల్లో ఏయే పనులుంటాయి, వాటికి ఏ ట్రేడు చదవాలి, ఏ డిప్లొమా చేయాలి అని ఆ చుట్టుపక్కల ఉన్నత పాఠశాలలకు వెళ్లి చెప్పినవారిని నేను ఇంతవరకు చూడలేదు. భూములిచ్చిన ఇళ్ల పిల్లలకు కూడా ఎవరూ చెప్పలేదు. పాలిటెక్నిక్ అంటే చదువు అక్కడితో ఆగిపోతుందని మా తల్లిదండ్రుల భయం. డిప్లొమా చేసినవారు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఈ ఒక్క వాక్యం చెప్పగానే ముఖం తేటపడిన తండ్రులను నేను ఎందరినో చూశాను.

పాలంపేటలోని రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ పక్క ఊళ్ల నుంచి వచ్చి, చరిత్ర ఉండే హెచ్‌ఈసీ గ్రూపు చదివే పిల్లలు నా తరగతిలో ఉండేవారు. చరిత్ర చదివితే ఆ శిల్పాలను కాపాడే పని, వాటి గురించి లోకానికి చెప్పే పని చేయవచ్చని వాళ్లకు తెలియదు. ‘ఏ గ్రూపూ రానివాళ్లు తీసుకునే గ్రూపు’ అని సాటి పిల్లల ముందు తలదించుకునేవారు. జాతీయ స్థాయి ఇంజనీరింగ్ సంస్థ ఎన్‌ఐటీ 1959 నుంచి ఇక్కడే ఉంది. దాని గోడ పక్కనుంచి రోజూ బస్సులో వెళ్లే పిల్లల్లో, అందులో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకేనని తెలిసినవారు ఎందరుంటారు?

దారి తెలియని పిల్లలు చివరికి ఎక్కడ చేరుతారో చూడాలంటే ఒక ఉదయం మన గ్రంథాలయాల పఠనాలయాలకు వెళ్లండి. ఎనిమిది గంటలకే కుర్చీలు నిండిపోతాయి. చోటు దొరకనివారు చెట్టు కింద పరీక్ష అట్ట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటారు. పక్కన టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా. నా పూర్వ విద్యార్థి ఒకడు అక్కడ కనిపించాడు. సర్కారు కొలువుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, పోస్టులు 783. పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ఆ రెండేళ్లూ వాడు గది అద్దె కడుతూ, ఊరికి వెళ్తే ‘ఇంకా ఏమీ రాలేదా’ అని అడుగుతారని పండగకు కూడా వెళ్లకుండా చదివాడు. ఉద్యోగం రాలేదు. ‘ఇప్పుడేం చేస్తావు నాయనా?’ అంటే, ‘వచ్చే నోటిఫికేషన్ చూస్తాను సార్’ అన్నాడు. సర్కారు కొలువు కోరుకోవడం తప్పు కాదు, నేను కూడా ఆ జీతంతోనే నా పిల్లలను పెంచాను. అయితే వాడు దాన్ని ఎంచుకోలేదు. డిగ్రీ అయ్యాక వేరే ఏ పనీ తెలియక ఆ చెట్టు కిందికి వచ్చి చేరాడు.

మరి పిల్లలకు తమకేది సరిపోతుందో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది తరగతి గదిలో కాదు, ఎన్‌ఎస్‌ఎస్‌లో.

2023 జూలై చివరి వారం మీకు చెప్పనవసరం లేదు. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసిన వారమది. ఇక్కడ నయీంనగర్ నాలా పొంగి కాలనీలు నీటిలో ఉన్నాయి. ఒక బడిలో పెట్టిన పునరావాస కేంద్రానికి మా వలంటీర్లను తీసుకెళ్లాను. మగపిల్లలు బియ్యం, దుప్పట్లు మోస్తున్నారు. సీఈసీ చదివే ఒక అమ్మాయి, తరగతిలో గొంతెత్తి మాట్లాడని పిల్ల, ఎవరూ చెప్పకుండానే నోట్‌బుక్కు వెనక పేజీల్లో గీతలు గీసి రాయడం మొదలుపెట్టింది. గదికి ఎన్ని కుటుంబాలు, పాలు తాగే పిల్లలు ఎందరు, షుగరు మాత్రలు ఇంట్లో వదిలి వచ్చిన వృద్ధులు ఎవరు, నెలసరి గుడ్డలు కావలసిన ఆడవాళ్లు ఎందరు. ఈ చివరి గడి మా పెద్దవాళ్లలో ఎవరికీ తట్టలేదు. సాయంత్రానికి రెవెన్యూ సిబ్బంది కూడా ఆమె నోట్‌బుక్కు చూసే సామాను పంచారు. మర్నాడు ఒక ముసలమ్మ ఆమె చేయి పట్టుకొని వదల్లేదు.

ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. సోషల్ వర్క్‌లో పీజీ చేస్తానని తనంతట తానే చెప్పింది. అలాంటి చదువు ఒకటి ఉందని ఆ వరద దాకా ఆమెకు తెలియదు, తనకు ఆ శక్తి ఉందనీ తెలియదు. అదే బృందంలోని ఒక అబ్బాయి, డాక్టరు కావాలని ఇంట్లో పట్టుబట్టి బైపీసీలో చేర్పించినవాడు, గాయాలు చూసి కళ్లు తిరిగి కూర్చున్నాడు. అది కూడా తెలుసుకోవలసిన సంగతే. పదిహేడేళ్లకు తెలిస్తే ఏ నష్టమూ లేదు.

1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో వలంటీరు ఏడాదికి 120 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. నిజం చెప్పాలంటే చాలాచోట్ల ఆ గంటలు మొక్కలు నాటి ఫొటో దిగడంతో, ర్యాలీలో బ్యానరు పట్టుకోవడంతో గడిచిపోతాయి. సర్టిఫికెట్ల మీద అందరికీ ఒకే రెండు వాక్యాలు. ఆ అమ్మాయి సర్టిఫికెట్ మీద కూడా అవే వాక్యాలున్నాయి, సంతకం నాదే. ఆమె నోట్‌బుక్కు గురించి దాని మీద ఎక్కడా లేదు.

నేను అడిగేవి మీ చేతుల్లో ఉన్న పనులే.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నుంచి పదిహేను రోజులు, ప్రతి మండలంలో ఒక ఉన్నత పాఠశాలను సాయంత్రాలు తెరిచి ఉంచండి. సాయంత్రాలే. పగలు పది గంటలకు పెడితే చేను వదిలి ఏ తల్లీ రాలేదు. అక్కడ ఒక జూనియర్ లెక్చరరును, ఒక ఐటీఐ లేదా పాలిటెక్నిక్ ఉపాధ్యాయుడిని కూర్చోబెట్టండి. వాళ్ల పక్కనే ఆ మండలం నుంచే చదువుకొని పనిలో స్థిరపడిన ఒక నర్సునో, లోకో షెడ్డు ఫిట్టరునో, పశువైద్యురాలినో కూర్చోబెట్టండి. తల్లిదండ్రులు మా మాట కంటే వాళ్ల మాట నమ్ముతారు. ఆ పదిహేను రోజుల్లో ఎవరూ డబ్బు కట్టవద్దని ఊరూరా టముకు వేయించండి. ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు ఈ మాట ముందే చేరితే తల్లులందరికీ చేరినట్టే.

పరీక్షలు అయిపోయి ఫలితాలు రావడానికి మధ్య ఖాళీగా ఉండే వారాల్లో పిల్లలను ఆర్టీసీ బస్సుల్లో పని జరిగే చోట్లకు పంపండి. లోకో షెడ్డు, ఎంజీఎం ల్యాబు, టెక్స్‌టైల్ పార్కు, మామునూరు కళాశాల, ఎనుమాముల. ఒక్కో పిల్లకు రెండు చోట్లు చాలు. వరుసలో నడిపించి తీసుకురావడం కాదు, అక్కడ పనిచేసేవారి పక్కన ఒక పూట నిలబడనివ్వండి.

ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలకు మీ కార్యాలయాల్లోనే నిజమైన పనులు ఉన్నాయి. ఓటరు నమోదు, వరద కేంద్రాలు, జాతరల్లో తప్పిపోయిన పిల్లల శిబిరాలు. పని అయ్యాక ఏ పిల్ల ఏం చేసిందో రెండు వాక్యాలు సంబంధిత అధికారి చేత రాయించి ఇప్పించండి.

సర్టిఫికెట్లు ఆపిన కళాశాలల సంగతి మాత్రం ఆగేది కాదు. సోమవారం ప్రజావాణిలో ఈ ఫిర్యాదులకు ఒక ప్రత్యేక బల్ల వేయించండి. బకాయి ప్రభుత్వానిది, గొడవ యాజమాన్యంతో. మధ్యలో ఫోన్ల దుకాణంలో నిలబడినది మా పిల్ల.

పరకాల, నడికూడ, దామెర మండలాల్లో ఆ పదిహేను సాయంత్రాలూ కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నాతో విరమణ పొందిన మరో నలుగురు లెక్చరర్లు కూడా వస్తామన్నారు. భత్యం అవసరం లేదు. బడి తాళం తీసి, రెండు బల్లలు, ఒక లైటు ఇప్పిస్తే చాలు. రాబోయే ఫలితాల తేదీ ప్రకటించే లోపు మీ కబురు వస్తుందని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
విశ్రాంత జూనియర్ లెక్చరర్,
హనుమకొండ