మూడు డెక్కులు కొన్నావు సరే, ఒక్కటైనా చదివావా?

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరంలో తొమ్మిది ప్రశ్నలున్నాయి, లెక్కపెట్టాను. కానీ అసలు బాధ ఒకటే. టారో డెక్కులు, అంటే 78 బొమ్మల కార్డుల కట్టలు, మూడు కొన్నావు, అయినా కార్డు తిప్పగానే చెయ్యి అర్థాలు రాసిన బుక్‌లెట్ వెతుక్కుంటోంది. నాలుగోది ఏది కొనమంటావని అడిగావు. ఇప్పుడేదీ కొనకు. ఉన్నవాటిలో రెండు పెట్టెలో పెట్టి బీరువా పైకి తోసెయ్. మూడు నెలలు ఒక్కదానితోనే కాపురం.

ఏది ఉంచుకోవాలంటే రైడర్-వెయిట్-స్మిత్. పాత చింతకాయ పచ్చడని మొహం తిప్పుకోకు. 1909 డిసెంబరులో లండన్‌లో విలియం రైడర్ అండ్ సన్ వాళ్లు అచ్చేశారు. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్‌వి. డెత్, జస్టిస్ లాంటి పేర్లున్న మేజర్ కార్డులు 22కి బొమ్మలు అంతకు నాలుగైదు వందల ఏళ్ల ముందు నుంచీ ఉన్నవే. ఈవిడ ఘనతంతా అంకెల కార్డుల్లో ఉంది. పాత ఫ్రెంచి రకం మార్సే డెక్కులో సెవెన్ ఆఫ్ కప్స్ అంటే ఏడు కప్పులు, చుట్టూ కాస్త పూలతీగ, అంతే. ఈవిడ కార్డులో మబ్బుల మీద ఏడు కప్పులు, ఒకదాంట్లో కోట, ఒకదాంట్లో నగలు, ఒకదాంట్లో పాము, ఎదురుగా ఎటూ తేల్చుకోలేక నిలబడ్డ మనిషి నీడ. అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత వచ్చిన కొత్త డెక్కుల్లో చాలావాటికి పునాది ఇదే కాబట్టి ఇది వంటబడితే అవన్నీ సగం వచ్చేసినట్టే. నీ దగ్గరున్నదాంట్లో పచ్చరంగు మరీ కళ్లలో పొడుస్తోందన్నావుగా, అది ఆ అచ్చు గుణం. 2009లో వచ్చిన స్మిత్-వెయిట్ సెంటెనియల్ డెక్కులో రంగులు వెలిసినట్టు మెత్తగా ఉంటాయి. బొమ్మలు అవే, చదువూ అదే. రంగు కోసం ఇప్పుడు ఖర్చు దండగ.

78 అర్థాలు బట్టీ పట్టబోయావు, అందుకే తల తిరిగింది. దాన్ని ముక్కలు చెయ్. 22 మేజర్, 56 మైనర్. ఆ 56లో ఆసు నుంచి పది దాకా ఉన్నవి 40, కోర్టు కార్డులు (పేజ్, నైట్, రాణి, రాజు) 16. నలభైకీ నలభై అర్థాలు అక్కర్లేదు. నాలుగు సూట్లు, పది అంకెలు వస్తే చాలు, పద్నాలుగు విషయాలు. సూట్లంటావా, నువ్వు పేకాటలో పుట్టి పెరిగినవాడివి, నీకు కొత్తేమీ కాదు. ఆటీను బదులు కప్స్: మనసు, బంధాలు. ఇస్పేటు బదులు స్వోర్డ్స్: ఆలోచన, మాట, గొడవ. ఇటాలియన్‌లో ‘స్పాదే’ అంటే కత్తులే, నీ ఇస్పేటులో కత్తి ఎప్పట్నుంచో దాక్కునే ఉంది. కళావరు బదులు వాండ్స్: పట్టుదల, పని మీద ఊపు. డైమను బదులు పెంటకిల్స్: డబ్బు, ఒళ్లు, చేతిపని. అంకెలు చూడు. ఆసు మొదలు, రెండు ఎదురెదురు, మూడు పెరుగుదల, నాలుగు నిలకడ, అయిదు దెబ్బ, ఆరు తేరుకోవడం, ఏడు పరీక్ష, ఎనిమిది కదలిక, తొమ్మిది గట్టు దగ్గర, పది నిండిపోవడం. ఇది కొన్ని కార్డులకు సరిగ్గా అతకదు. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్‌లో కదలికేదీ, అమ్మాయిని కట్టేశారు కదా అంటావు. చూడు, కాళ్లు కట్టలేదు. కళ్లకే గంతలు.

బొమ్మ చూడమనేది అందుకే. రోజుకో కార్డు తియ్యి. నోటుబుక్కులో మూడు వాక్యాలు రాయి. మొదటిది కంటికి కనిపించింది మాత్రమే, అర్థం వద్దు: ‘నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి, తల వంచాడు, ముందు మూడు కప్పులు ఒలికాయి, వెనక రెండు నిలబడే ఉన్నాయి, అవతల ఏరు, వంతెన, కోట.’ రెండోది ఆ మనిషి చేస్తున్న పని, ఒక్క క్రియలో: చూస్తున్నాడు, మోస్తున్నాడు, పంచుతున్నాడు. మూడోది రాత్రి పడుకునే ముందు, ఆ రోజుకు అది ఎక్కడైనా తగిలిందా లేదా. తగలకపోతే ‘తగల్లేదు’ అనే రాయి, అతికించకు. బుక్‌లెట్ తెరవడం ఆ తర్వాతే.

నెల తర్వాత రెండేసి కార్డులు. ఇక్కడే చదవడం మొదలవుతుంది, ఒక్క కార్డు అక్షరమైతే రెండు కార్డులు మాట. పైన చెప్పిన ఫైవ్ ఆఫ్ కప్స్ ఎడమన, సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ కుడిన పడ్డాయనుకో. రెండోదాంట్లో పడవ, గెడ వేసేవాడు, ముసుగు వేసుకుని కూర్చున్న ఆడమనిషి, పక్కన పిల్లవాడు, పడవలో గుచ్చిన ఆరు కత్తులు. పడవకు కుడిపక్క నీళ్లు అలలుగా, ఎడమపక్క నిశ్చలంగా. ఇప్పుడు కలిపి చూడు. మొదటి కార్డులో ఏటి మీద వంతెన ఉంది, మనిషి తల తిప్పలేదు. రెండో కార్డుకొచ్చేసరికి ఏరు దాటుతున్నారు, కానీ వంతెన మీంచి కాదు, కత్తులతో సహా పడవలో. ఒలికినదాన్ని చూస్తూ ఉండిపోయినవాళ్లు చివరికి కదిలారు, బరువు దించకుండానే. అదే కార్డులు తారుమారుగా పడితే? అవతలి గట్టుకు చేరాక కూడా ఒలికిందే తల్చుకుంటున్నారు. కార్డులు అవే, కథ వేరు. ఈ రెండింటికీ బుక్‌లెట్‌లో ‘శోకం’ అనీ ‘ప్రయాణం’ అనీ ఉంటుంది, దాంతో ఏం చేసుకుంటావు?

బొమ్మలో మనిషి ఎటు చూస్తున్నాడో కూడా చూడు. నైట్ ఆఫ్ స్వోర్డ్స్ గుర్రం ఎడమవైపు దూకుతుంది. వాడి ఎడమన ఏ కార్డు ఉంటే దాని మీదికి పోతున్నట్టు. ఎడమన ఏమీ లేకపోతే దేని మీదికో తెలీకుండా పోతున్నట్టు.

కోర్టు కార్డులు 16 చివరికి వదిలెయ్. అందరూ తడబడేది వాటి దగ్గరే, ఎందుకంటే అవి ఎదుటి మనిషా, అడిగినవాడి స్వభావమా, పద్ధతా అన్నది కార్డు చెప్పదు. స్థానాన్ని బట్టి నువ్వే తేల్చాలి. అందుకే కార్డులు పరవక ముందే స్థానాలు నోటితో అనుకో: ఇది పరిస్థితి, ఇది అడ్డు, ఇది నా చేతిలో ఉన్నది. పరిచాక పేర్లు పెట్టావో, నీకు నచ్చిన కథకు తగ్గట్టు పెట్టేస్తావు. ప్రశ్న కూడా అంతే. ‘ఉద్యోగం వస్తుందా’ అంటే కార్డు దగ్గర జవాబుండదు, నా దగ్గరా ఉండదు. ‘ఇంటర్వ్యూకి సిద్ధమవడంలో నేను దేన్ని దాటేస్తున్నాను’ అంటే మాట్లాడుకోవడానికి ఏదో దొరుకుతుంది. పది కార్డుల సెల్టిక్ క్రాస్ జోలికి ఇప్పుడే పోకు. మూడు కార్డుల్ని ఒక వాక్యంగా చెప్పలేనివాడికి పది కార్డులు పెద్ద గందరగోళం.

‘ఒకే కార్డు మళ్లీ మళ్లీ వస్తోంది, ఏదో చెబుతోంది’ అని రాశావు. ముందు కలపడం చూసుకో. చేతిలో పట్టుకుని పొట్లాలు పొట్లాలుగా జార్చే పద్ధతిలో కార్డులు చాలా నెమ్మదిగా కలుస్తాయి, నిన్న పక్కపక్కన పడ్డవి ఈరోజూ పక్కపక్కనే ఉంటాయి. బల్ల మీద బోర్లా పరిచి రెండు చేతులతో ఒక నిమిషం గిరగిరా కలిపి, పోగుచేసి, అప్పుడు నాలుగైదుసార్లు చేత్తో కలుపు. రెండు సగాలు చేసి బొటనవేళ్లతో టపటపలాడించే రిఫుల్ పద్ధతి బాగా కలుపుతుంది గానీ పెద్ద కార్డుల అంచులు తెల్లబడతాయి, ముఖ్యంగా నల్ల అంచున్న డెక్కుల్లో. లెక్క కూడా చూడు: బాగా కలిపినా, రోజుకో కార్డు చొప్పున 11 రోజులు తీస్తే ఏదో ఒకటి రెండోసారి రావడానికి సగానికి పైగా అవకాశం ఉంది. మూడు కార్డులు తీస్తే ఒక్కటైనా మేజర్ రావడానికి నూటికి 64 పాళ్లు. పది కార్డులు పరిస్తే డెత్ కార్డు దాదాపు ఎనిమిదిసార్లకు ఒకసారి కనిపిస్తుంది. ఇది తెలిస్తే గుండె ఊరికే ఆగదు.

తలకిందుల కార్డులు నీకు ఒక్కటీ రావట్లేదన్నావు. రావు మరి, నువ్వు కలిపేటప్పుడు ఏదీ తిప్పట్లేదుగా. కావాలంటే కట్ చేసినప్పుడల్లా ఒక సగాన్ని తిప్పి కలుపు. వెనక బొమ్మ రెండువైపులా ఒకేలా ఉందో లేదో చూసుకో, లేకపోతే తిప్పకముందే తెలిసిపోతుంది. నన్నడిగితే మొదటి ఆరు నెలలూ అసలు వద్దు, బల్ల మీద కలిపినప్పుడు తిరగబడ్డవి వస్తే నిటారుగా తిప్పి చదువు.

ఇక పోగేసే సంగతి. నువ్వు మానవని తెలుసు.

కొత్త డెక్కు విప్పగానే చెయ్యాల్సింది లెక్క. 0 నుంచి 21 వరసగా, తర్వాత ఒక్కో సూటు 14 చొప్పున పేర్చు. కొన్నిటితో పేరు కార్డో, ప్రకటన కార్డో అదనంగా వస్తుంది, అవి లెక్కలోకి రావు. ఒకటి రెండుసార్లు పడి ఇంకొకటి లేకపోవడం, అంచు ఒకపక్క వెడల్పు ఒకపక్క సన్నం కావడం మామూలే. వాపసు గడువు దాటాక తెలిస్తే చేసేదేం లేదు.

నీ మూడోది నాకు అనుమానంగానే ఉంది. బుక్‌లెట్ బదులు స్కాన్ చేసే గళ్ల బొమ్మ ఇచ్చారన్నావు, కార్డులు మామూలు పేకంత ఉన్నాయన్నావు. రెండూ నకిలీ లక్షణాలే. మామూలు టారో కార్డు దాదాపు 70 మిల్లీమీటర్ల వెడల్పు, 120 పొడుగు. నకిలీవాళ్లు అసలు కార్డును స్కాన్ చేసి కుదిస్తారు కాబట్టి చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి, నలుపు బూడిదరంగులో పడుతుంది, అంచుల్లో బొమ్మ కోతబడుతుంది. పమేలా డెక్కు అయితే సులువు, కార్డులో ఓ మూల పాములా మెలిక తిరిగిన ఆమె సంతకం ఉంటుంది. భూతద్దంలో అది గీతగా కనిపించాలి, మరకగా కాదు. నకిలీలకు ఎక్కువ బలయ్యేది సొంతంగా అచ్చేసుకునే చిత్రకారులు, అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

కాగితం 300 నుంచి 350 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఉంటే చేతికి బాగుంటుంది. కొద్దిగా వంచి వదిలితే టక్కున నిటారు కావాలి. మెరిసే పూత కార్డులు జారిపోతాయి, చెమట చేతులకు అంటుకుంటాయి. నేతగుడ్డలా గరుకుగా ఉండే లినెన్ ఫినిష్ కలపడానికి హాయి, కానీ సన్నగీతల బొమ్మల్లో కాస్త స్పష్టత తగ్గుతుంది. బంగారు పూత అంచులున్నవి కొత్తలో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. విరిచినట్టు లాగకు, మూల చెక్కుకుపోతుంది. ఒక్కోటి పక్కకు జరుపుతూ విడదీసి, పొడి గుడ్డతో అంచు తుడువు.

విల్లులా వంగిన కార్డులు తేమ వల్ల. ఒకవైపు తేమ ఎక్కువ పీలిస్తే రెండోవైపుకు ముడుచుకుంటుంది. కట్టనంతా సమంగా పేర్చి, రెండు అట్టల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు రెండు రోజులుంచు. ఇస్త్రీ పెట్టె దగ్గరికి కూడా తీసుకెళ్లకు, పూతకు బుడగలొస్తాయి. ఎండ పడే కిటికీ పక్కన పెట్టినవాటికి ఎరుపు ముందు వెలుస్తుంది.

పదికి మించాక పట్టిక రాసుకో: పేరు, చిత్రకారుడు, ప్రచురణ, ఏ అచ్చు, కార్డుల సంఖ్య, కొలత, బుక్‌లెట్ ఉందా, లోపాలు. అచ్చు తప్పకుండా రాయి, ఒకే డెక్కు వేర్వేరు అచ్చుల్లో రంగు, కాగితం, వెనక బొమ్మ మారతాయి. 1909 నాటి మొదటి అచ్చుకు వెనక గులాబీలూ లిల్లీలూ ఉండేవి, అది చూసే గుర్తుపడతారు.

మూడు నెలలయ్యాక నాలుగోది కొంటావుగా, అప్పుడు ఇదే రకంలో ఇంకో అందమైనది కొనకు. తేడా ఉన్నది కొను: ఒక మార్సే, తర్వాత ఒక థోత్. కొన్నాక ఒకే కార్డును అన్నిట్లోంచీ తీసి పక్కపక్కన పెట్టు. త్రీ ఆఫ్ స్వోర్డ్స్ తీసుకో. మార్సేలో వంపు తిరిగిన రెండు కత్తుల మధ్య నిటారుగా ఒకటి, ఏడుపు ఊసే లేదు. 15వ శతాబ్దం చివరి సోలా బుస్కా డెక్కులో గుండెను మూడు కత్తులు పొడుస్తాయి. పమేలా కార్డులో అదే గుండె, వెనక వాన. 1938-43 మధ్య ఫ్రీడా హారిస్ థోత్‌కి గీసినదాంట్లో గుండె పోయి పువ్వొచ్చింది, కింద ‘దుఃఖం’ అనే అర్థమొచ్చే మాట రాశారు. నాలుగూ చూశాక ఆ కార్డంటే ఏమిటో నీకు నువ్వే చెప్పుకోగలవు. స్ట్రెంగ్త్, జస్టిస్ కూడా ఇలాగే తీసి చూడు. పాతవాటిలో జస్టిస్ 8, స్ట్రెంగ్త్ 11. వెయిట్ వాటిని తారుమారు చేశాడు, అచ్చుతప్పని వాపసు పంపకు.

ఆ మూడో డెక్కు పెట్టె నాలుగువైపులా, ఒక కార్డు వెనకా ముందూ వెలుతుర్లో ఫోటో తీసి పంపు. ఈలోగా దానికేసిన రబ్బరు బ్యాండు తీసెయ్, అంచుల మీద గాటు పడిపోతుంది.

నీ
రాముడు