బౌడ్లరైజ్: లైబ్రరీ పుస్తకాల గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

మన లైబ్రరీలోని కొన్ని పుస్తకాల్లో పిల్లలకు తగని పేజీలు ఉన్నాయని, వాటిని చింపేయమని, లేదంటే ఆ మాటల మీద నల్ల ఇంకు పూయమని మీలో కొందరు అడిగారు. ఇలా అసభ్యం అనిపించిన భాగాలను రచనలోంచి తీసేయడానికి ఇంగ్లిషులో ఒక క్రియాపదం ఉంది. బౌడ్లరైజ్. అరుదైన మాటే కానీ దాని కథ మన చర్చకు బాగా పనికొస్తుంది.

బౌడ్లర్ అనేది ఇంటిపేరు. థామస్ బౌడ్లర్ 1754లో ఇంగ్లండులోని బాత్ దగ్గర పుట్టారు, వైద్యం చదివారు. ఆయన చిన్నతనంలో తండ్రి సాయంత్రాలు ఇంటిల్లిపాదికీ షేక్‌స్పియర్ నాటకాలు చదివి వినిపించేవారు. ఇబ్బందికరమైన మాట వస్తే వినేవాళ్లకు తెలియకుండా దాటేసేవారు. అన్ని ఇళ్లలోనూ అంత నేర్పుగా చదివే తండ్రి ఉండరు కాబట్టి, ఆ పని పుస్తకమే చేస్తే బాగుంటుందని ఆ కుటుంబం అనుకుంది. 1807లో 20 నాటకాలతో 'ఫ్యామిలీ షేక్‌స్పియర్' వచ్చింది. అందులో కోతలు పెట్టింది థామస్ అక్క హెన్రియెట్టా. పుస్తకం మీద మాత్రం ఆమె పేరు వేయలేదు. 1818లో థామస్ తన పేరుతో దాన్ని 10 సంపుటాలకు పెంచారు. ఒక నాటకంలో వేశ్య పాత్ర మొత్తం ఎగిరిపోయింది. ఒథెల్లో నాటకమైతే ఎంత కత్తిరించినా నలుగురిలో చదవడానికి పనికిరాదని ఆయనే రాశారు. 1836 నాటికి ఆ ఇంటిపేరు క్రియాపదమైంది, అదీ ఎక్కువగా నిందగానే.

నా ఉద్దేశంలో ఆయనకు ఇంత నింద తగదు. తెలివైన పిల్లల చేతికి షేక్‌స్పియర్ అందేలా చేశారని కవి స్విన్‌బర్న్ 1894లో ఆయన్ను మెచ్చుకున్నారు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. కుటుంబంలో పైకి చదవలేని మాటలు తీసేశామని బౌడ్లర్ మొదటి పేజీలోనే చెప్పారు. పేజీ చింపేస్తే అక్కడ ఏం పోయిందో, ఎందుకు పోయిందో పిల్లలకు చెప్పేవాళ్లుండరు.

మన దగ్గరా ఇలాంటిది జరిగింది. ముద్దుపళని అనే కవయిత్రి రాసిన 'రాధికా సాంత్వనం' అనే శృంగార కావ్యాన్ని 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు కోతలు లేకుండా అచ్చు వేయిస్తే, అప్పటి ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారి హయాంలో గానీ ఆ నిషేధం తొలగలేదు.

అందుకని మన లైబ్రరీలో ఏ పుస్తకాన్నీ చింపం, ఇంకు పూయం. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు సంక్షిప్త ప్రతులు ఇస్తాం, అట్ట మీద 'సంక్షిప్తం' అని స్పష్టంగా రాసి. పూర్తి ప్రతులు తొమ్మిది, పది తరగతుల అలమారలో ఉంటాయి. ఏ పుస్తకం గురించైనా మీకు టెన్షన్‌గా ఉంటే శనివారం మధ్యాహ్నం స్కూలుకు రండి. మీరూ, నేనూ, తెలుగు, ఇంగ్లిష్ టీచర్లూ కూర్చుని ఆ పేజీలు చదివి, అది ఏ తరగతికి తగునో అప్పుడే తేల్చుకుందాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు