ముప్పై మందికి ఒక్క కాపీనా సార్?

గౌరవనీయులైన జిల్లా విద్యాధికారి గారికి,

నమస్కారం. మా బడి బుక్ క్లబ్ పుస్తకాల గురించి ఇది మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటిది ఒడియాలో రాశాం, రెండోది ఇంగ్లిష్‌లో రాశాం, మూడోది రెండు భాషల్లోనూ రాసి సోమవారం గ్రీవెన్స్‌లో చేతికిచ్చి రసీదు కూడా తెచ్చుకున్నాం. మూడింటికీ కాగితం మీద ఉలుకూ పలుకూ లేదు. అందుకని ఈసారి నాకు బాగా వచ్చిన భాషలో, పదిమందికీ కనబడేలా రాస్తున్నాను. మీకు తెలుగు రాకపోయినా మీ ఆఫీసులో వచ్చినవాళ్ళు నలుగురైనా ఉంటారు, చదివి చెప్పించుకోండి.

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు జిల్లాలు గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, వీటిలో మాది ఏ జిల్లానో, ఏ బడో రాయడం లేదు. రాస్తే మర్నాడే మా హెడ్మాస్టారికి షోకాజ్ వస్తుంది, పాపం ఆయన తప్పేం లేదు. నేను బడి గేటుకి ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతాను. మా అమ్మాయి తొమ్మిది చదువుతోంది. మీకొచ్చిన మూడు అర్జీలూ నా మిషన్ మీద కాపీలు తీసినవే.

బుక్ క్లబ్ పెట్టమన్నది మీరే సార్. శనివారం ఆఖరి పీరియడ్, పుస్తకాలు పిల్లలే ఎంచుకోవాలి, చదివి చర్చించాలి అని కాగితం వస్తే మా మాస్టార్లకంటే ముందు పిల్లలు సంబరపడ్డారు. తొమ్మిది, పది తరగతులవాళ్ళు ముప్పై మంది పేర్లిచ్చారు. అందులో పంతొమ్మిది మంది ఇంట్లో తెలుగు, ఎనిమిది మంది ఒడియా, ముగ్గురు సవర గిరిజన పిల్లలు. బడి ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు కొందరికి తాతల దగ్గర వచ్చాయి, కొందరికి సినిమా పోస్టర్ల మీద వచ్చాయి, అయినా వచ్చాయి కదా.

పుస్తకాలు ఎంచడానికి వీళ్ళు పడ్డ తంటా మీరు చూడాల్సింది. నాలుగు శనివారాలు అదే పని. నేనూ, రిటైరైన ఒక తెలుగు మాస్టారూ మా ఇళ్ళలో ఉన్నవి, అడిగి తెచ్చినవి కలిపి ఓ ఇరవై పుస్తకాలు బల్ల మీద పరిచాం. ఒక్కోదానిలో మొదటి నాలుగు పేజీలు ఎవరో ఒకరు పైకి చదవాలి. అయిదో పేజీ కూడా చదవమని ఎవరైనా అడిగితే ఆ పుస్తకం ఉంటుంది, అడక్కపోతే పోతుంది. అట్టలు చూసి మురిసిపోయినవి సగం అక్కడే పోయాయి. తర్వాత వాళ్ళే కట్టుబాట్లు పెట్టుకున్నారు: వంద పేజీలు దాటకూడదు, అక్షరం మరీ సన్నగా ఉండకూడదు, చివర్లో నీతి చెప్పే పుస్తకం వద్దు (ఇది మా అమ్మాయి పెట్టింది, ఇంట్లో వాళ్ళమ్మ చెప్పేది చాలట), చదివాక పోట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. చివరికి చింతపిక్కలు పంచి ఓటింగ్ పెట్టారు. గొడవేం జరగలేదని చెప్పను, ఒకడు జేబులో ఇంటినుంచి తెచ్చిన పిక్కలతో దొరికిపోయాడు.

గెలిచిన వాటిలో మొదటిది తొంభై ఆరు పేజీల చిన్న నవల, చేపలు పట్టే ఇంట్లో ఓ కుర్రాడి కథ. దాని పేరు రాయను, రాస్తే మళ్ళీ అదొక అభ్యంతరం. అది ఎందుకు నచ్చిందో చెప్తాను. అందులో మనుషులు "ఏటి", "ఒల్లకో" అని మాట్లాడతారు. ఒక పిల్ల ఆ ముక్క చదివి ఆగిపోయి, "ఇలాగ అచ్చులో వేస్తారా? ఇది మా మామ్మ మాట కదా" అంది. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడి బడిలోనే పంతులుగా ఉండి, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని ముసలితనం వచ్చేదాకా పోట్లాడారు. అదే చేత్తో సవర భాషకి వ్యాకరణం, నిఘంటువూ చేశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిందని అలిగి వెళ్ళిపోయారు గానీ, ఆయన మాట ఇక్కడే ఉండిపోయింది. ఏటా ఆగస్టు 29కి ఆయన ఫొటోకి దండ వేస్తాం. ఆయన ఊరి చుట్టుపక్కల పిల్లకి తన మామ్మ మాట అచ్చులో ఉండొచ్చని పద్నాలుగో ఏట తెలిసింది.

రెండో ఎంపిక కన్యాశుల్కం. పుస్తకం పెద్దది, అందుకని మొదటి అంకం వరకే అనుకున్నారు. దాన్ని పట్టుబట్టి గెలిపించింది పదో తరగతి ఆడపిల్లలు. రిటైరైన మాస్టారు వాళ్ళకి గురజాడ 1897లో రాసిన ముందుమాట చెప్పారు: విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో లెక్క తీయిస్తే మూడేళ్ళలో 1,034 శుల్కం పెళ్ళిళ్ళు తేలాయి, అందులో ఏడాది నిండిన పిల్లలు కూడా ఉన్నారు. ఆ మాట విన్నాక ఇంకే పుస్తకానికీ పిక్క పడలేదు. ఇక ఒడియా పిల్లలు ఊరుకుంటారా, ఫకీర్ మోహన్ సేనాపతి 'రేవతి' ఉండాల్సిందే అన్నారు. అది 1898లో వచ్చింది, చదువుకోవాలనుకున్న ఆడపిల్ల కథ. సరిహద్దుకి ఇటు ఒకటీ అటు ఒకటీ, రెండింటికీ ఏడాదే తేడా. ఒడియా పిల్ల రేవతిని పైకి చదవడం, మావాళ్ళు పక్కనే తెలుగులో కథ చెప్పుకోవడం, ముసలమ్మ ఆ పిల్ల చదువుని ఎందుకు తిట్టిందని గంటసేపు కొట్టుకోవడం... నా షాపు మూసేసి వెళ్ళి కూర్చున్నాను ఆ రోజు. సవర పిల్లలకి మాత్రం వాళ్ళ భాషలో ఏదీ దొరకలేదు, ఆ ముగ్గురూ రెండు పక్కలా విన్నారు. దాని గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది.

ఈ లిస్టు మీకు పంపాం. మూడు పుస్తకాలు, ఒక్కోటి ముప్పై కాపీలు, 'రేవతి' ఒడియాలో. అంతే అడిగింది.

ఏడు నెలలకి కట్ట వచ్చింది. అరవై రెండు పుస్తకాలు, అరవై రెండూ వేరు వేరు పేర్లు, ఒక్కోటి ఒక్కో కాపీ. మేం అడిగిన నవల ఒకటి ఉంది, నిజమే, ఒక్కటి. మిగతా వాటిలో తెలుగువి ఎనిమిది. రెండు శతకాలు, ఒక్క పద్యానికీ తాత్పర్యం లేదు. ఒకటి కోళ్ళ పెంపకం, ఒకటి గర్భిణులు తీసుకోవలసిన జాగ్రత్తలు. ఇది తొమ్మిదో తరగతికి ఎలా వచ్చిందో మీ బడబాబుగారే, అదే మీ హెడ్ క్లర్కుగారే చెప్పాలి. మిగిలిన నాలుగూ పోటీ పరీక్షల జనరల్ నాలెడ్జి, అదీ పక్క రాష్ట్రం పరీక్షలవి.

ఏ టైటిలైనా ఒక్క కాపీయే కొంటాం, రకరకాల పుస్తకాలుంటేనే లైబ్రరీ అని చెప్పి పంపారు. లైబ్రరీకి అది సరే. మీరు పెట్టమన్నది క్లబ్ సార్. ముప్పై మంది ఒకే పుస్తకం ఒకే వారంలో చదివితేనే శనివారం మాట్లాడుకోవడానికి ఏమైనా ఉంటుంది. తలా ఒక పుస్తకం ఇస్తే "నాది బాగుంది, నీది బాగుందా" అనుకుని ఇంటికి పోతారు. పెళ్ళి భోజనానికి పిలిచి ఒకడికి పప్పు, ఒకడికి పులుసు, ఒకడికి ఉత్త విస్తరి వేసినట్టుంది.

సరే, ఉన్న ఒక్క కాపీతో ఏం చేశామో చెప్తాను. జిరాక్స్ తీయమన్నారు అందరూ. తీయొచ్చు, షాపు నాదే. కానీ ఆ నవల రాసినాయన ఇంకా బతికే ఉన్నారు, అది ఆయన కష్టం. పుస్తకం మొత్తం కాపీ కొట్టడం తప్పని ఈ పనిలో పాతికేళ్ళున్నవాణ్ణి నాకు తెలియదా. పైగా లెక్క చూడండి, ఒక పక్కన రెండు పేజీలు పట్టించినా నలభై ఎనిమిది ఇంప్రెషన్లు, రెండేసి రూపాయల చొప్పున తొంభై ఆరు రూపాయలు. పుస్తకం వెనక వేసిన ధర అరవై! గురజాడ 1915లోనూ సేనాపతి 1918లోనూ పోయారు, రచయిత పోయిన అరవై ఏళ్ళకి కాపీరైట్ తీరిపోతుంది, కాబట్టి వాళ్ళిద్దరివీ నేనే నా కాగితం మీద తీసి ఇచ్చాను, దానికి మిమ్మల్ని పైసా అడగను. ఈ నవలకే దారి లేక, పిల్లలే ఉపాయం చెప్పారు. కుట్టు విప్పి అయిదు భాగాలు చేశాం, ఒక్కో భాగానికి నేనే అట్ట వేసి స్టేపుల్ కొట్టాను. ఆరుగురికి ఒక భాగం, వారం వారం మార్చుకోవాలి.

ఎలా ఉంటుందో ఊహించండి. అయిదో భాగం ముందు పడినవాళ్ళకి కుర్రాడి నాన్న సముద్రంలో పోయాడని మొదటి వారమే తెలిసిపోయింది, వాళ్ళు నోరు మూసుకుని ఉండలేరు, మొదటి భాగంలో ఆ నాన్న కొత్త వల కొంటుంటే చదివేవాళ్ళు అప్పటికే ఏడుస్తున్నారు. మూడో భాగం ఒకమ్మాయి ఇంట్లో వానకి తడిసింది. ఒకడైతే రెండు, నాలుగు మాత్రమే చదివి మధ్యలో కథ తనే కల్పించి చెప్పాడు, నిజం చెప్పాలంటే బాగానే చెప్పాడు. ఇన్ని అవస్థల్లోనూ ఒక్క పిల్లా మానలేదు.

తర్వాత తనిఖీ వచ్చింది. రిజిస్టర్లో పుస్తకం ఒకటి, అల్మారాలో ముక్కలు అయిదు. ప్రభుత్వ ఆస్తికి నష్టం అని లైబ్రరీ చూసే టీచరమ్మకి మెమో ఇచ్చారు. అరవై రూపాయలు రికవరీ! ఆవిడ కట్టేసింది, గొడవెందుకని. అరవై రెండులో ఒక్కరూ విప్పని అరవై ఒక్క పుస్తకాలు మాత్రం ఎక్కడివక్కడే భద్రంగా ఉన్నాయి, వాటికి మెచ్చుకున్నారు కూడా.

రెండో అర్జీ తర్వాత మీ ఆఫీసులో నోటిమాటగా రెండు కారణాలు చెప్పారు. ఒకటి, పిల్లలకి మాతృభాషలో చదువు చెప్పాలనే రాజ్యాంగంలోని 350ఏ ప్రాథమిక స్థాయికే, హైస్కూలుకి తెలుగు ఇవ్వక్కర్లేదని. ఔను, అందులో ప్రాథమిక స్థాయి అనే ఉంది. మేము మీడియం మార్చమని అడిగామా? కథల పుస్తకాలు అడిగాం. రెండోది విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కన్యాశుల్కం పేరు చూసి, ఒడియాలో శుల్కం అంటే ఫీజు కదా, ఆడపిల్లల దగ్గర ఫీజు వసూలు చేస్తున్నారా అని అడిగారట. తర్వాత ఎవరో సర్దిచెబితే, అయితే వేశ్య పాత్ర ఉన్న నాటకం బడికెందుకు, అభ్యంతరకరమైనదేమీ లేదని హెడ్మాస్టారు సర్టిఫికెట్ ఇవ్వాలన్నారు. నూట పాతికేళ్ళుగా జనం చదువుతున్న పుస్తకానికి, మధురవాణికి, మా హెడ్మాస్టారు క్యారెక్టర్ సర్టిఫికెట్ రాయాలి!

డబ్బు లేదని మాత్రం అనకండి. బడులకి డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకంలో లైబ్రరీ గ్రాంటు బడిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 దాకా ఉందని మీకు నేను చెప్పాలా? మేము అడిగిన నవల ముప్పై కాపీలు 1,800 రూపాయలు. ఇంకో మాట, నేషనల్ బుక్ ట్రస్టువాళ్ళు ఒకే పిల్లల పుస్తకాన్ని ఒడియాలోనూ తెలుగులోనూ, అవే బొమ్మలతో వేస్తారు. తలా పదిహేను తెప్పిస్తే రెండు భాషల పిల్లలూ ఒకే కథ చదువుతారు, ఇలాంటి సరిహద్దు ఊళ్ళకి అంతకంటే సులువైంది ఏముంది. ఇది మూడో అర్జీలో రాశాం. మొదటిదాంట్లోనూ రాశాం అనుకుంటా.

మా పిల్లలు ఎంచినవి ఇప్పించండి సార్. మీకు నచ్చినవీ పంపండి, వద్దనడం లేదు, కోళ్ళ పుస్తకం నేను చదువుకుంటాను. కానీ వాళ్ళు నాలుగు వారాలు కూర్చుని ఎంచిన దానికి కాస్త విలువ ఇవ్వండి. వీలైతే ఒక శనివారం మీరే రండి, ముందు చెప్పకుండా రండి, వెనక బెంచీలో కూర్చోండి. ఆ టీచరమ్మ అరవై రూపాయలూ వెనక్కివ్వండి.

ఇవేవీ కుదరకపోతే ఒక్కటి చేయండి. మూడో అర్జీ ఇచ్చినప్పుడు పుస్తకం ముక్కలైందనడానికి రుజువేది, జిరాక్స్ పనికిరాదు, ఒరిజినల్ జతచేయాలి అన్నారు కదా, నాలుగో భాగం దానికి జతచేసి ఇచ్చాం. నలభై ఒకటో పేజీ నుంచి... కాదు, యాభై తొమ్మిది నుంచి డెబ్బై ఎనిమిది దాకా, నీలం అట్ట, మీ ఫైల్లోనే ఎక్కడో ఉంటుంది. ఆ భాగం ఇంకా పన్నెండు మంది చదవలేదు. అది తిరిగి పంపించండి.

ఇట్లు,
బడి ఎదురుగా జిరాక్స్ షాపువాడు