నీట్ కోచింగ్ కన్నా ముందు ఓపీ చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని మా బరంపురంలో ప్లస్ టూ పిల్లలున్న ఏ ఇంట్లో చూసినా నీట్ గొడవే. 180 ప్రశ్నలు, 720 మార్కులు, రాకపోతే మళ్లీ లాంగ్ టర్మా, లేక బీఎస్సీ నర్సింగా అని టెన్షన్. ఆ పిల్లలు రోగి పక్కన ఒక్క పూటైనా నిలబడ్డారా అంటే ఎవరూ మాట్లాడరు. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయో లేదో తెలీకుండానే ఫీజులు కట్టేస్తున్నాం.

మా అమ్మాయి పట్టుబట్టి ఈ వేసవిలో ఓ ఆస్పత్రిలో సాయానికి వెళ్లింది. ఎవర్ని అడగాలో చెప్పిన నాథుడు లేడు, పైగా "సర్టిఫికెట్ కోసమేగా" అన్నారు, చివరికి ఓ సిస్టరమ్మ ఓపీ చీటీల దగ్గర నిలబెట్టింది. గోపాలపూర్ వైపు మత్స్యకారులు ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఇచ్ఛాపురం నుంచీ రోగులొస్తారు, చీటీ మీదా గోడ మీదా మాత్రం ఒడియా. ఓ ముసలావిడ పొద్దున్నించీ ఎక్స్‌రే గది ముందు కూర్చుంది, తీరా చూస్తే ఆవిడ వెళ్లాల్సింది కంటి డాక్టర్ దగ్గరికి! బడిలో ఒడియా చదివిన మన పిల్లలకి ఆ చీటీ చదివి చేయి పట్టుకుని తీసుకెళ్లడం పెద్ద పనేం కాదు.

అలాగని ఊరికే వదిలేయమనడం లేదు. సూదులు, కట్లు ముట్టుకోనివ్వకూడదు. మాత్రలు ఎలా వేసుకోవాలో సిస్టరే చెప్పాలి, పిల్లలు ఆ మాటనే తెలుగులో చెప్పాలి, సొంత తెలివి వద్దు. వార్డులోకి పంపేట్టయితే హెపటైటిస్ బి టీకా వేసుకున్నారో లేదో ముందే చూడాలి, మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది. ఫోన్ బయటే పెట్టించాలి. ఎవరు ఏ జబ్బుతో వచ్చారో ఇంటికొచ్చి అమ్మకి కూడా చెప్పకూడదు, మా ఊళ్లో అందరూ అందరికీ చుట్టాలే మరి.

దీనివల్ల నీట్‌లో అర మార్కు కూడా కలవదు, ఆ ఆశతో పంపేవాళ్లు పంపొద్దు. మా అమ్మాయితో వెళ్లిన స్నేహితురాలు కొన్నాళ్లకే "ఈ చదువు నా వల్ల కాదు" అనేసింది. వాళ్ల నాన్నకి ఇంకా కోపం తగ్గలేదు, నేనైతే కోచింగ్ డబ్బులు మిగిలాయనే అంటాను.

ఆస్పత్రి పెద్దల్ని అడిగేది ఒకటే. ఓపీ దగ్గర పేర్లు రాసుకునే పుస్తకం ఒకటి, పిల్లల్ని చూసుకునే సిస్టర్ ఒకరు. అదుంటే దసరా సెలవులకే పిల్లలొస్తారు.

- ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా