క్యాండిడేట్స్ అర్హత: డిసెంబరు తలుపు మూయాల్సిందే

సంపాదకులకు నమస్కారం.

2024 డిసెంబరు ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) జాబితాలో మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి రేటింగ్ 2801. ఆనంద్ తర్వాత 2800 అందుకున్న రెండో భారతీయుడు. అయినా ప్రపంచ విజేతతో తలపడేవాణ్ణి తేల్చే క్యాండిడేట్స్ పోటీలో, 2024 టొరంటోలో అతను లేడు, 2026 క్యాండిడేట్స్ ఎనిమిదిమందిలోనూ లేడు. దాంతో చెన్నైలో పిల్లల టోర్నీల దగ్గర హాలు బయట కూర్చునే తెలుగు తల్లిదండ్రుల నోట ఒకటే మాట: "రేటింగ్ ఉన్నవాణ్ణి పిలిస్తే పోయేదానికి ఇన్ని దారులు ఎందుకండీ?" వాళ్ల బాధ మాకు తెలుసు. కానీ ఉన్న దారులన్నిటిలోనూ మసిపూసి మారేడుకాయ చేయడానికి తేలికగా లొంగేది ఆ రేటింగ్ దారే.

2026 క్యాండిడేట్స్ చోట్లు ఎలా పంచారో చూడండి. గోవా ప్రపంచ కప్ నుంచి ముగ్గురు: సిందరోవ్, వెయ్ యీ, ఎసిపెంకో. సమర్‌కండ్ గ్రాండ్ స్విస్ (ఓడినా తప్పుకోకుండా అందరూ అన్ని రౌండ్లూ ఆడే టోర్నీ) నుంచి ఇద్దరు: అనీశ్ గిరి, బ్లూబామ్. 2024 ఫిడే సర్క్యూట్ (ఏడాది పొడవునా టోర్నీల్లో కూడబెట్టే పాయింట్ల పట్టిక) నుంచి కరువానా, 2025 సర్క్యూట్ నుంచి ప్రజ్ఞానంద. రేటింగ్‌కు మిగిలిన ఒక్క చోటు నకమురకు దక్కింది. అంటే అయిదు చోట్లు ఒక్కో టోర్నీలో తేలిపోతాయి, మూడు చోట్లు నెలల తరబడి పోగేసిన లెక్కతో తేలతాయి. పేచీ అంతా ఈ మూడింటి దగ్గరే.

ప్రపంచ కప్ నాకౌట్ దయాదాక్షిణ్యాలు లేని పోటీ, ఒప్పుకుంటాం. 206 మంది, ఎనిమిది రౌండ్లు, రౌండుకు రెండే క్లాసికల్ (ఎక్కువ సమయం ఉండే) ఆటలు, సమమైతే టైబ్రేక్, అంటే తక్కువ సమయపు ఆటలు. 2023లో బాకూ క్వార్టర్‌ఫైనల్లో అర్జున్, ప్రజ్ఞానంద చెరో క్లాసికల్ ఆట గెలిచారు. తర్వాత 25 నిమిషాల ఆటలు రెండు, 10 నిమిషాలవి రెండు, 5 నిమిషాలవి రెండు. అప్పటికీ తేలలేదు. చివరకు 3 నిమిషాల ఆట ఒక్కటి పెడితే ప్రజ్ఞానంద 5-4తో నెగ్గాడు. గోవాలోనూ అర్జున్ క్వార్టర్‌ఫైనల్లోనే, టైబ్రేక్‌లోనే, వెయ్ యీ చేతిలో ఆగిపోయాడు. చూసేవాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది. అయినా దీన్ని అన్యాయమనలేం. ఇద్దరి ముందూ ఒకే గడియారం ఉంది, షరతులు ముందే తెలుసు, తనకు కావలసిన ఆటను మధ్యలో తెచ్చిపెట్టుకునే వీలు ఎవరికీ లేదు.

రేటింగ్ దారిలో ఆ వీలు ఉంది. ఎప్పుడు ఆడాలి, ఎవరితో ఆడాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఆటగాడి ఇష్టం. టొరంటో చోటుకు 2024 జనవరి జాబితా ఒక్కటే లెక్క. డిసెంబరులో వెస్లీ సో ముందున్నాడు, అలీరెజా ఫిరూజాకు కొద్ది పాయింట్లు తక్కువయ్యాయి. ఫ్రాన్స్‌లోని షార్త్ర్‌లో అతని కోసం హడావిడిగా మ్యాచ్‌లు పెట్టారు. ఫిడే వాటిని రేటింగ్‌కు లెక్కించలేదు. వెంటనే రూఆన్‌లో ఓపెన్ టోర్నీలో చేరి, ఏడుకు ఏడూ గెలిచి, సోను దాటేశాడు.

ఇందులో కిటుకు తెలియాలంటే లెక్క చూడాలి. ఒక్క ఆటకు రేటింగ్ ఎంత మారగలదో చెప్పే కె గుణకం ఈ స్థాయి ఆటగాళ్లకు 10. రేటింగ్ 2760 ఉన్నవాడు 2500 వాడితో ఆడితే ఆటకు 0.82 పాయింటు తెస్తాడని ఫిడే పట్టిక అంచనా. గెలిస్తే రేటింగ్ 1.8 పెరుగుతుంది, డ్రా అయితే 3.2 తగ్గుతుంది, ఓడితే 8.2 పోతుంది. ఒక్క డ్రా పడితే పూడ్చుకోవడానికి రెండు గెలుపులు కావాలి. కాబట్టి చిన్న టోర్నీలో పాయింట్లు ఊరికే రాలతాయని అనుకోవడం పొరపాటు. అసలు మెలిక 400 దగ్గర ఉండేది. ఇద్దరి మధ్య తేడా 400 దాటితే దాన్ని 400గానే లెక్కించేవారు. 2800 వాడు 2000 వాణ్ణి ఓడించినా 0.8 ఖాయం, అలాంటి ఆటలో డ్రా అయ్యే భయం లేనట్టే. పది గెలుపులకు ఎనిమిది పాయింట్లు చేతికొచ్చేవి. 2650, ఆ పైన ఉన్నవాళ్లకు ఈ రాయితీని ఫిడే 2025 అక్టోబరు 1 నుంచి తీసేసింది. ఇప్పుడు ఆ 800 తేడా ఆట గెలిస్తే వచ్చేది సున్నా.

మరో మార్పు కూడా మేలే చేసింది. ఒక్క నెల జాబితా బదులు 2025 ఆగస్టు నుంచి 2026 జనవరి దాకా ఆరు జాబితాల సగటు తీసుకున్నారు. ఆఖరి నెలలో ఆరు పాయింట్లు పెంచుకున్నా సగటుకు చేరేది ఒక్కటే. ఇక రూఆన్ తరహా పరుగు గిట్టుబాటు కాదు. కానీ కనీసం 40 ఆటలు ఆడి ఉండాలన్న షరతులో మళ్లీ కంత మిగిల్చారు. నకమురకు రేటింగ్ ఉంది, ఆటలు చాలలేదు. లూసియానా, అయోవా రాష్ట్రాల్లో చిన్న టోర్నీలు ఆడి సంఖ్య నింపుకున్నాడు. దాచి చేసిన పని కాదు, నియమం ఇచ్చిన వీలునే వాడుకున్నాడు. 40 అన్నవాళ్లు ఏ 40 అన్నది రాయలేదు మరి!

ఇక మన ఊరి సంగతి. సర్క్యూట్ పాయింట్లు టోర్నీలో వచ్చిన స్థానాన్నీ, ఆడినవాళ్ల సగటు రేటింగునూ బట్టి ఇస్తారు. 2023 డిసెంబరు మధ్యలో తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ చెన్నై గ్రాండ్ మాస్టర్స్ నిర్వహించింది. ఎనిమిదిమంది, ఏడు రౌండ్లు. గుకేశ్, అర్జున్, మన హరికృష్ణ, అరోనియన్ ఆడారు. గుకేశ్, అర్జున్ చెరి 4.5తో సమంగా నిలిస్తే టైబ్రేక్ లెక్క గుకేశ్‌కు అనుకూలించింది. ఆ పాయింట్లతో అతను సర్క్యూట్‌లో గిరిని దాటాడు, ఏడాది చివరి ర్యాపిడ్, బ్లిట్జ్ (తక్కువ సమయపు) పోటీల్లో గిరి తిరిగి అందుకోలేకపోయాడు. సర్క్యూట్‌లో మొదటివాడైన కరువానాకు ప్రపంచ కప్ నుంచే చోటు వచ్చేసింది కనుక, తర్వాతివాడైన గుకేశ్ టొరంటో వెళ్లాడు. అక్కడ 14కు 9 పాయింట్లతో గెలిచాడు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను 7.5-6.5తో ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు.

చెన్నై టోర్నీ నియమాల ప్రకారమే జరిగింది. గట్టి ఆటగాళ్లను పిలిచారు, ఎవరూ ఎవరికీ ఆట వదిలేయలేదు. ఆ మాటకొస్తే షార్త్ర్ మ్యాచ్‌లతో దీనికి పోలికే లేదు. అయినా ఎవరికి ఎన్ని పాయింట్లు తక్కువో అందరికీ తెలిసిపోయిన నెలలో, ఇద్దరు స్థానిక పోటీదారులకు వీలయ్యేలా వచ్చిన టోర్నీ అది. ఇదే పని మరో దేశం తన ఆటగాడి కోసం చేసి, అందువల్ల అర్జున్ చోటు గల్లంతై ఉంటే మనం ఊరుకునేవాళ్లమా?

డింగ్ వచ్చిన దారీ ఇలాంటిదే. 2022 మాడ్రిడ్ క్యాండిడేట్స్‌కు ముందు రష్యా ఆటగాడు కర్యాకిన్‌పై నిషేధం పడింది. ఖాళీ అయిన చోటు రేటింగ్‌లో ముందున్నవాడిది. డింగ్ ముందున్నాడు గాని, కోవిడ్ ఆంక్షల వల్ల 30 ఆటల షరతు తీరలేదు. చైనా సమాఖ్య అప్పటికప్పుడు పోటీలు పెట్టి సుమారు నెల రోజుల్లో 28 ఆటలు ఆడించింది. మాడ్రిడ్‌లో అతనికి రెండో స్థానం, అప్పటి ప్రపంచ విజేత కార్ల్‌సన్ తప్పుకోవడంతో 2023లో టైటిల్. అంటే కార్ల్‌సన్ తర్వాతి ఇద్దరు విజేతలూ గడువు అంచున పుట్టిన ఆటల మీదుగా వచ్చినవాళ్లే. ఇద్దరి సత్తాకూ వంక పెట్టలేం. కానీ ఇద్దరి వెనకా సమాఖ్యో, ప్రభుత్వమో, డబ్బో ఉంది. అవి లేని దేశపు ఆటగాడికి ఆ తలుపు ఉన్నట్టే లెక్క కాదు.

వీసా సంగతి ఎవరూ ఎత్తరు గాని అదీ ఉంది. ఫ్రాన్స్ వంటి ఐరోపా దేశాలకు కావలసిన షెంజెన్ వీసాకు మామూలుగా ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. ఫ్రాన్స్‌లో ఉన్నవాడు రేపు మొదలయ్యే టోర్నీలో ఇవాళ పేరిచ్చుకోగలడు. చెన్నైలోనో వరంగల్‌లోనో ఉన్నవాడికి అపాయింట్‌మెంటు దొరికేలోపే ఆ టోర్నీ ముగిసిపోతుంది. ఆఖరి వారం అవకాశం కాగితం మీద అందరిదీ, వాస్తవంలో కొందరిదే.

మేం కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. సర్క్యూట్ పాయింట్లు ఇచ్చే ఆహ్వాన టోర్నీ ఏదైనా తేదీలు, ఆటగాళ్ల పేర్లు 90 రోజుల ముందే ఫిడే వద్ద నమోదు కావాలి. లెక్క ముగిసే తేదీని నవంబరుకు జరిపితే చాలదు, హడావిడి కూడా దానితోపాటే జరుగుతుంది. డిసెంబరు టోర్నీ పేర్లు సెప్టెంబరులోనే ఇవ్వాలంటే మాత్రం, అప్పటికి ఎవరికి ఎంత అవసరమో నిర్వాహకులకు తెలియదు. ఎవరైనా మానుకుంటే బదులు రావలసినవాడు అర్హత పోటీలో ఉన్నవాడు కాకూడదు. ఈ ఒక్క ముక్క రాయకపోతే, పేరుకు ఎవరినో నమోదు చేసి చివర్లో మార్చేస్తారు.

రేటింగ్ చోటుకు ఆరు బదులు పన్నెండు జాబితాల సగటు తీసుకోవాలి. 40 ఆటల్లో ప్రతి మూడు నెలలకూ కనీసం ఎనిమిది ఉండాలి. అప్పుడు మంచి రేటింగ్ చూసుకుని నెలల తరబడి బల్ల దగ్గరికి రాకుండా కూర్చోవడం కుదరదు. తేడా 400 దాటిన ఆట రేటింగ్‌కు లెక్కకొచ్చినా ఈ 40లో లెక్కకు రాకూడదు. ప్రపంచ కప్ తొలి రౌండ్ల ప్రత్యర్థులు కూడా సాధారణంగా ఆ హద్దులోనే ఉంటారు కనుక నిజంగా ఆడేవాడికి నష్టం లేదు.

గ్రాండ్ స్విస్‌లో రెండో స్థానం సమమైతే కాగితం లెక్కతో తేల్చకూడదు. 2021లో రీగాలో కరువానా, ఒపారిన్ చెరి 7.5తో నిలిస్తే టైబ్రేక్ లెక్క కరువానాను పంపింది. బుచోల్జ్ వంటి లెక్కల్లో మన ప్రత్యర్థులు తర్వాత ఎలా ఆడారన్నదే ముఖ్యం. మూడో రౌండులో మనం ఓడించినవాడు ఆపై వరుసగా ఓడిపోతే కోత పడేది మనకు. పదకొండు రౌండ్లు ఆడినవాళ్లకు ఆ సాయంత్రమే రెండు ర్యాపిడ్ ఆటలు పెట్టడం కష్టమేమీ కాదు.

భారతీయులు ఎక్కువైపోతున్నారు, దేశానికి ఇంతమందే అని పరిమితి పెట్టాలనే గొంతులు మాత్రం మనం మొదట్లోనే ఖండించాలి. 1964 ఆమ్‌స్టర్‌డామ్ ఇంటర్‌జోనల్‌లో (అప్పటి క్యాండిడేట్స్ అర్హత పోటీ) ఆ పరిమితి వల్లే సోవియట్ ఆటగాళ్లు 16.5 పాయింట్ల స్టెయిన్, 16 పాయింట్ల బ్రోన్‌స్టెయిన్ ఇంటిదారి పట్టారు, 14.5 వచ్చిన పోర్టిష్ ప్లేఆఫ్ ఆడి ముందుకెళ్లాడు. టొరంటోలో చేసినట్టు ఒకే దేశంవాళ్లను తొలి రౌండ్లలోనే ఒకరితో ఒకరిని ఆడిస్తే కుమ్మక్కు భయానికి సరిపోతుంది.

తర్వాతి ఆవృత్తి నియమాలు ఖాయమయ్యేలోపే అఖిల భారత చదరంగ సమాఖ్య ఇవన్నీ ఫిడేకు రాతపూర్వకంగా పంపాలి. 90 రోజుల నియమానికైతే ఫిడే ఒప్పుకోలు కోసం ఆగనక్కర్లేదు. మన దేశంలో జరిగే సర్క్యూట్ టోర్నీలకు సమాఖ్య తనంతట తానే దాన్ని పెట్టుకోవచ్చు. చెన్నై టోర్నీతోనే మొదలుపెడితే మరీ మంచిది.

ఇట్లు,
ఇద్దరు చెస్ ఆర్బిటర్లు,
టి.నగర్, చెన్నై