వేషాల రోజుకు అద్దె దుకాణం వద్దు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవులు అయిపోయాయి, మన విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమూ అయింది, పిల్లలు మళ్లీ బడి దారి పట్టారు. హాజరు, పరీక్షల వివరాలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీ మొత్తం వేషాల గురించే.

అక్టోబర్ 31న బడిలో హాలోవీన్ జరపమని కొందరు తల్లిదండ్రులు అడిగారు. అమెరికాలో ఉన్న మేనత్తల, పెదనాన్నల పిల్లలు దయ్యాల వేషాల్లో ఇంటింటికీ తిరిగి మిఠాయిలు పోగుచేసుకునే ఫొటోలు ఫోనులో చూసి మనవాళ్లకూ ముచ్చట పుట్టిందట. మన పండగ కానిది మనకెందుకని ఇంకొందరు అన్నారు. రెండు మాటలూ విన్నాక నా నిర్ణయం చెబుతున్నాను. ఆ రోజు బడిలో ప్రత్యేకంగా ఏమీ ఉండదు. నవంబర్ 14న, బాలల దినోత్సవం నాడు వేషాల రోజు పెడుతున్నాం. దయ్యంగా వస్తానన్న పిల్లను ఎవరూ ఆపరు. షరతు ఒక్కటే: వేషం ఇంట్లోనే తయారు కావాలి.

హాలోవీన్ గురించి పిల్లలు అడిగితే చెప్పడానికి నాలుగు మాటలు. ఐర్లాండు, స్కాట్లాండు ప్రాంతాల్లో చలికాలం మొదలయ్యే వేళ జరుపుకునే పాత పండగలో దాని వేళ్లున్నాయి. ఆ రాత్రి చనిపోయినవారి ఆత్మలు తిరుగుతాయని నమ్మేవారు. నవంబర్ 1 క్రైస్తవులకు సకల పరిశుద్ధుల పండగ. దాని ముందటి రాత్రే ఇది. అక్కడివాళ్లు మొదట టర్నిప్ దుంపలను తొలిచి, ముఖాలు చెక్కి దీపాలు పెట్టేవారు. వలస వెళ్లినవారికి అమెరికాలో గుమ్మడికాయలు దొరికాయి. అవి పెద్దవి, తొలవడం తేలిక. దుంప పోయి గుమ్మడికాయ స్థిరపడింది. కొత్త ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టి, పక్కనే కోరల రాకాసి బొమ్మను తగిలించే మనకు ఇదేమీ మరీ వింత కాదు. సరదాకి ఇంట్లో ఒక కాయ చెక్కుతామంటే చెక్కండి. కత్తి మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, తీసిన గుజ్జు దప్పళంలోకి వెళ్లాలి.

విజయనగరం పిల్లలకు వేషం అంటే ఏమిటో ఒకరు నేర్పనక్కరలేదు. పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి సిరిమాను ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల సాగడం చూసి పెరిగినవాళ్లు వీళ్లు. అయినా నిరుడు ఒకే తరగతి నుంచి నలుగురు ఝాన్సీ లక్ష్మీబాయిలు వచ్చారు. నలుగురి చేతిలోనూ ఒకే దుకాణం కత్తి, నలుగురి నడుముకూ అవే పిన్నీసులు. రెండు గంటల ముచ్చటకు డబ్బు పోసి, ఇంకొకరి చెమట పట్టిన బట్ట తొడగడం నాకు నచ్చలేదు.

నన్నడిగితే అన్నిటికన్నా మంచి వేషం పొలంలోని దిష్టిబొమ్మ. దయ్యం కావాలన్నవాళ్లకు కాస్త భయం, మిగతావాళ్లకు నవ్వు, రెండూ అందులో ఉన్నాయి. నాన్నగారి పాత చొక్కా చాలు, చేతులు వేలాడుతుంటే ఇంకా మంచిది. మోచేతుల దగ్గర వేరే రంగు గుడ్డతో అతుకులు వేయండి. ఆ కుట్లు పిల్లలే వేయాలి. జూట్ మిల్లుల ఊళ్లు మనవి, గోనెసంచి దొరకకపోవడమనేది ఉండదు. గోనె ముక్కను మెడకు సరిపడా కత్తిరించి, అంచుల్లోంచి నాలుగు వేళ్ల మేర అడ్డపోగులు లాగేస్తే కుచ్చులు వాటంతట అవే వస్తాయి. ఎండుగడ్డి నేరుగా ఒంటికి తగిలితే దురద పుడుతుంది. పాత మేజోళ్లలో గడ్డి కూరి, చివర్లు మాత్రం బయటికి కనిపించేలా కుట్టి, ఆ మేజోడును చొక్కా చేతి అంచుకు లోపలి నుంచి బిగించండి. పొలంలో కుండకు సున్నపు బొట్లు పెడతారు కదా, ఇక్కడ సున్నం వద్దు. తడిపిన బియ్యప్పిండితో బుగ్గల మీద చుక్కలు పెడితే సరిపోతుంది. కుండ నెత్తిన పెట్టి పంపకండి. చెప్పకపోతే ఎవరో ఒకరు పంపుతారని నాకు తెలుసు.

పులివేషం కావాలన్న పిల్లలకు ఒంటి మీద రంగు పూయవద్దు. జాతరల్లో పెద్దవాళ్లు పూసుకునే వార్నిషు రంగులు, వాటిని వదిలించడానికి వాడే కిరసనాయిలు పిల్లల చర్మానికి పనికిరావు. తెల్ల నూలు బనియనును పసుపు నీళ్లలో ఉడకబెడితే చక్కటి పసుపు రంగు వస్తుంది. ఎండలో వెలిసిపోతుంది కాబట్టి నీడలో ఆరేయండి. చారలకు నల్ల గుడ్డ పీలికలు, తోకకు గుడ్డ చుట్టిన కొబ్బరితాడు. ముఖానికి రంగు తప్పదనుకుంటే, ముందు రోజు మణికట్టు దగ్గర కొంచెం పూసి చూడండి.

ముసుగు చేసేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆరడానికి రోజులు పడుతుంది. ఊదిన బెలూను మీద పాత వార్తాపత్రిక పీలికలను జిగురుతో అతికించడమే పని. కాగితాన్ని కత్తిరించకుండా చేత్తో చింపితే అంచులు బాగా కలిసిపోతాయి. జిగురుకు ఒక కప్పు మైదాను కప్పు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మూడు నాలుగు కప్పుల మరిగే నీళ్లలో పోసి, అది చిక్కబడి మెరిసేదాకా తిప్పండి. పురుగు పట్టకుండా కొందరు అందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లల పనిలోకి రానివ్వకండి. ఒక పొర పూర్తిగా ఆరాకే రెండో పొర వేయాలి. మొత్తం మూడు నాలుగు పొరలు. మన వైపు అక్టోబర్, నవంబర్ అంటే తుఫాన్ల కాలం. ముసురు పట్టిందంటే ఫ్యాను కింద పెట్టినా తడి వదలదు, మూడో రోజుకి బూజు వాసన వస్తుంది. ఎండ కాసిన రోజును వదులుకోకండి. బెలూను పేల్చి, బుర్రను నిలువునా కోస్తే ఇద్దరికి రెండు ముసుగులు. కళ్లకు పెద్ద కన్నాలు పెట్టండి, లేదా ముసుగును నుదుటి మీదికి టోపీలా కట్టండి. మా బడి మెట్లు మీరు చూశారు.

మన ప్రాంతపు పెద్దల వేషాలు వేస్తే నాకు మరీ సంతోషం. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ అయిన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు వేషానికి పంచె, మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు చాలు. ఒక పద్యం రావాలి, అదే కష్టం. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంపేవాడు. నల్ల కాగితపు రింగులతో గొలుసు చేసుకుని వేదిక మీద తెంపే బుడతడికి చప్పట్లు నేనే ముందు కొడతాను. రొమ్ముకు గుండ్రటి వాయిద్యం కట్టుకుని వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ల కళాకారుల వేషమూ సులువే, దాని బదులు కట్టడానికి గుండ్రటి బిస్కెట్ల డబ్బా మూత ఒకటి ఉంటే చాలు.

నిప్పు గురించి గట్టిగా చెబుతున్నాను. ఈ దీపావళి రోజుల్లో ప్రతి ఇంట్లో దీపాలు, మతాబులు ఉంటాయి. నైలాన్, పాలిస్టర్ బట్ట నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలు బట్టా కాలుతుంది, కానీ అలా అతుక్కోదు. కుచ్చులు, గడ్డి, కాగితం ఉన్న వేషంతో పిల్లలను దీపం దగ్గరికి పంపకండి. వేదిక మీద కొవ్వొత్తి ఉండదు. లాంతరు పట్టుకునే వేషమైతే లోపల చిన్న బ్యాటరీ లైటు పెట్టండి.

ఇక మీ వంతు. కత్తి, ఇస్త్రీ పెట్టె, పొయ్యి మీవి. మిగతా పని పిల్లలది. బహుమతులు ఇచ్చే ముందు ఒక్కొక్కరినీ వేషం ఎలా చేశారో చెప్పమంటాం. కుట్టు వంకర పోతే ఏమీ తగ్గించం. మరీ తిన్నగా ఉంటేనే రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాం.

ఈ నెల ప్రతి శనివారం మధ్యాహ్నం చిత్రలేఖనం గది తెరిచి ఉంచుతాం. అమ్మమ్మలు, తాతయ్యలు ఎవరైనా తాటాకుతో బూర, బొమ్మ, కొబ్బరాకుతో గడియారం, కళ్లజోడు చేయగలిగితే దయచేసి రండి. మా ఉపాధ్యాయుల్లో ఆ విద్య వచ్చినవాళ్లు తక్కువ. ఆకు మేం తెప్పిస్తాం. దర్జీ దుకాణాల్లో మిగిలిన గుడ్డ ముక్కలు, పాత బొత్తాలు, అట్టపెట్టెలు పంపితే గదిలో ఉంచుతాం, కావలసినవారు తీసుకోవచ్చు. కత్తెర మాత్రం ఎవరిది వారే తెచ్చుకోండి. బడి కత్తెరలు కాగితాన్ని తప్ప మరి దేన్నీ కోయవు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని